పెంపుడింటి పాట

ప్రవేశిక

పక్షులలో కొన్ని తమ గూడు తాము కట్టుకోవు. వేరొక పక్షి గూటిలో గ్రుడ్డు పెట్టి, పిల్లను పెంచే భారం దానికి వదలిపెడతాయి. మన ఊళ్ళలో కోకిల అటువంటిది. ఆఫ్రికా ఖండంలో ఊరపిచ్చుకకన్న చిన్నదైన ఒక పాటపిట్ట కూడా అటువంటిదే. ఈ రెండూ చేసే పని ఒకటే అయినా వాటి పాటల విషయంలో పెద్ద భేదం ఉన్నది. ఆ భేదం ఏమిటో, అది మనకు ఏమి తెలుపుతుందో ఈ పాఠంలో చదువుకొందాం.

1. కోకిల, కాకి

చైత్రమాసం దగ్గర పడుతూ ఉండగానే మన ఊళ్ళలో ఒక కూత వినిపించడం మొదలవుతుంది. పట్టాభిరామ్‌లోనైనా, తిరువళ్ళూరులోనైనా, తిరుత్తణి కొండ చుట్టుప్రక్కలనైనా తెల్లవారకముందే వేపచెట్టు కొమ్మలలో నుండి "కుహూ, కుహూ" అని ఒక గొంతు లేస్తుంది. మొదట మెల్లగా, తరువాత కొంచెం హెచ్చుగా, ఆపైన ఇంకా హెచ్చుగా సాగి హఠాత్తుగా ఆగిపోతుంది. తెలుగువారు ఆ పక్షిని కోకిల అంటారు. తమిళులు కుయిల్ అంటారు. ఆ కూత విననివారు మనలో ఉండరు. పిట్టను సరిగా చూచినవారు మాత్రం కొద్దిమందే. అది ఎక్కువగా ఆకులచాటున దాగి ఉంటుంది.

కూసేది ఆడకోకిల అని చాలామంది అనుకొంటారు. చక్కగా పాడే స్త్రీని గానకోకిల అని మెచ్చుకోవడం కూడా మనకు అలవాటు. కాని కుహూ అని కూసేది మగపక్షి. అది నిగనిగలాడే నలుపు రంగులో ఉంటుంది. కన్నులు ఎర్రగా ఉంటాయి. ఆడపక్షి గోధుమరంగులో ఉండి, ఒంటినిండా తెల్లని చుక్కలు, చారలు కలిగి ఉంటుంది. దాని గొంతు "కిక్, కిక్" అని గరుకుగా వినిపిస్తుంది.

కోకిల గూడు కట్టదు. కాకులు గూళ్ళు కట్టుకొని గ్రుడ్లు పెట్టే కాలమే కోకిల గ్రుడ్లు పెట్టే కాలం. మగకోకిల కాకిగూటి దగ్గరకు వచ్చి కూస్తుంది. కాకులకు కోకిలంటే పడదు. అవి గూడు విడిచి దానిని తరుముకొంటూ పోతాయి. ఆ సందులో ఆడకోకిల గూటిలోకి జొరబడి గ్రుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. కోకిల గ్రుడ్డు కాకి గ్రుడ్డుకన్న చిన్నదే అయినా రంగులోను, మచ్చలలోను చాలవరకు దానిని పోలి ఉంటుంది. కాకి ఆ గ్రుడ్డును కూడా తనదిగానే భావించి పొదుగుతుంది.

కాకి గ్రుడ్డు పిల్ల కావడానికి సుమారు పదహారు, పదిహేడు రోజులు పడుతుంది. కోకిల గ్రుడ్డుకు పన్నెండు, పదమూడు రోజులు చాలు. అందువల్ల కోకిలపిల్ల ముందుగా పుట్టి, ముందుగా నోరు తెరుస్తుంది. ఐరోపా ఖండంలోని ఒక కోకిలజాతి పిల్ల, పుట్టిన కొద్దికాలానికే గూటిలోని మిగిలిన గ్రుడ్లను వీపుతో త్రోసి క్రింద పడవేస్తుంది. మన కోకిలపిల్ల సాధారణంగా అంత పని చేయదు. కాకిపిల్లలతోపాటే పెరుగుతుంది. అయినా ముందు పుట్టిన పిల్లకు తిండి ఎక్కువ దొరికి, వెనుక పుట్టిన కాకిపిల్లలు ఆకలితో చనిపోవడం కూడా జరుగుతుంది. కాబట్టి కాకికి నష్టం లేదనడానికి వీలులేదు.

2. పేరులోనే ఉన్న సంగతి

ఈ సంగతిని మన పూర్వులు ఎంతో కాలం క్రిందటనే గమనించారు. అమరసింహుడు రచించిన సంస్కృత నిఘంటువు అమరకోశంలో కోకిలకు 'పరభృతము' అనే పేరు ఉన్నది. పరులచేత పెంచబడినది అని దాని అర్థం. కాకికి ఉన్న పేర్లలో 'పరభృత్తు' ఒకటి. పరులను పెంచేది అని దాని అర్థం. రెండు పేర్లకు తేడా స్వల్పం. కాని ఆ రెండు పేర్లలోనే కాకిగూటి కథ అంతా ఇమిడి ఉన్నది.

కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలం అయిదవ అంకంలో కూడా ఈ ప్రస్తావన వస్తుంది. దుష్యంతుడు శకుంతలను గుర్తించలేక, ఆమె మాటలను నమ్మక, ఆడకోకిల తన పిల్లలను ఇతర పక్షులచేత పెంచుతుంది గదా అని ఎత్తిపొడుస్తాడు. అతడు ఆ మాట అన్నది ఎవరితో? పుట్టగానే తల్లి విడిచిపోగా పక్షులు కాపాడిన పిల్లతో. శకుంతములు అంటే పక్షులు. అవి కాపాడినందువల్లనే కణ్వమహర్షి ఆమెకు శకుంతల అని పేరు పెట్టి తన బిడ్డగా పెంచాడు. పెంచినవారి ప్రేమ తక్కువది కాదని ఆ కథ మనకు చెపుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. కోకిలపిల్ల పుట్టినది మొదలు వినేది కాకుల అరుపు. తిండి పెట్టేది కాకి. మరి రెక్కలు వచ్చి ఎగిరిపోయిన తరువాత అది "కావు, కావు" అనక "కుహూ" అని ఎందుకు కూస్తుంది?

దీనికి జవాబు సులభం. కోకిల కూత నేర్చుకొన్నది కాదు, పుట్టుకతో వచ్చినది. ఎవరూ నేర్పకపోయినా, ఎవరి నోటా వినకపోయినా, కాలం వచ్చేసరికి ఆ కూత దాని గొంతులో పలుకుతుంది. అయితే పక్షులన్నీ ఇలాగే ఉంటాయా? ఉండవు. దీనికి మంచి ఉదాహరణ ఆఫ్రికాలో ఉన్నది.

3. ఆఫ్రికా నీలిపిట్ట

ఆఫ్రికాలో, సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాలలో ఒక చిన్న పిట్ట ఉన్నది. ఆంగ్లంలో దానిని విలేజ్ ఇండిగోబర్డ్ అంటారు. మనం నీలిపిట్ట అని చెప్పుకొందాం. గ్రుడ్లు పెట్టే కాలంలో మగపిట్ట నల్లగా ఉండి, ఎండ పడితే నీలిమందు రంగులో మెరుస్తుంది. కాళ్ళు ఎర్రగా ఉంటాయి. ఆడపిట్ట ఊరపిచ్చుకవలె గోధుమరంగు చారలతో ఉంటుంది. ఊళ్ళ దగ్గర, పొలాలలో, గడ్డినేలల్లో తిరుగుతూ గింజలు ఏరుకొని తింటుంది.

ఆ ఊళ్ళలోనే ఇంకొక చిన్న పిట్ట ఉంటుంది. దాని మగపిట్ట ఒళ్ళు ఎర్రగా ఉండడంచేత ఆంగ్లంలో ఫైర్‌ఫించ్, అనగా నిప్పుపిట్ట అని పేరు. మన జొన్నచేలలో గుంపులుగా వాలే జీనువాయి పిట్టలకు అది చుట్టం. మనుషులంటే దానికి అంతగా భయం లేదు. పొదలలోనే కాక, ఇండ్ల గోడలలోను, పూరికప్పులలోను కూడా గూడు కట్టుకొంటుంది. నీలిపిట్ట గ్రుడ్డు పెట్టేది ఈ నిప్పుపిట్ట గూటిలోనే.

రెండు పిట్టల గ్రుడ్లూ తెల్లగానే ఉంటాయి. అంతకన్న వింత పిల్లల నోటిలో ఉన్నది. నిప్పుపిట్ట పిల్ల నోరు తెరిచినప్పుడు అంగిలిమీద నల్లని చుక్కలు, నోటి అంచులలో మెరిసే చిన్న బొడిపెలు కనబడతాయి. గూటి లోపలి మసకవెలుతురులో తల్లి వాటిని చూచి మేత పెడుతుంది. నీలిపిట్ట పిల్ల నోటిలో కూడా అటువంటి గుర్తులే ఉంటాయి! అందువల్ల తల్లి తన పిల్లలకు పెట్టినట్లే దానికీ పెడుతుంది. నీలిపిట్ట పిల్ల కూడా తన తోడి పిల్లలను గూటిలో నుండి త్రోసివేయదు.

4. రెండు విధాల పాట

ఇంతవరకు నీలిపిట్ట కథ కోకిల కథవలెనే ఉన్నది. భేదం ఇక మీద వస్తుంది.

పెరిగి పెద్దదైన మగ నీలిపిట్ట ఒక చెట్టు చిటారుకొమ్మమీద కూర్చొని పాడుతుంది. ఆ పాటలో కొంత భాగం నిప్పుపిట్ట పాట. గూటిలో ఉన్నప్పుడు, గూడు విడిచిన క్రొత్తలో తన పెంపుడుతండ్రి నోట విన్న పాటను అది నేర్చుకొని పాడుతున్నదన్నమాట. ఆఫ్రికాలో ఈ కుటుంబానికి చెందిన పిట్టలు పెంచినవారి పాటను అనుకరిస్తాయని జర్మనీ దేశపు శాస్త్రవేత్త యుర్గెన్ నికొలాయ్ 1964లో వివరించి వ్రాశాడు.

ఆ పాట ఊరక పాడే పాట కాదు. ఆడ నీలిపిట్ట కూడా నిప్పుపిట్ట గూటిలోనే పెరిగింది గదా! ఆ పాట దానికీ తెలుసు. అది చెట్ల మీద పాడుతున్న మగపిట్టలను విని, తాను పెరిగిన ఇంటి పాట పాడే దానినే జోడుగా ఎన్నుకొంటుంది. తరువాత అటువంటి ఇంటినే వెదకి గ్రుడ్డు పెడుతుంది. ఈ విధంగా పాటే వాటిని కలుపుతున్నది.

అయితే నీలిపిట్ట పాడేది అదొక్కటే కాదు. దానికి తన జాతి పాటలు కూడా ఉన్నాయి. అవి నిప్పుపిట్టకు తెలియవు. ఇరుగుపొరుగు నీలిపిట్టలను విని నేర్చుకొన్న పాటలవి. అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పేన్ ఈ పిట్టలను జాంబియా దేశంలోని లోచిన్వార్ వనంలో చాలకాలం పరిశీలించాడు. ఒక ప్రాంతంలోని మగపిట్టలన్నీ ఒకే విధమైన పాటలు పాడతాయి. కొంత దూరం పోతే పాటలు వేరుగా ఉంటాయి. ఏండ్లు గడిచేకొద్దీ ఆ పాటలు కొంచెం కొంచెంగా మారుతూ కూడా ఉంటాయి. మన భాషలో మాండలికాలు ఉన్నట్లే ఆ పిట్టల పాటలోనూ మాండలికాలు ఉన్నాయని చెప్పవచ్చు.

పెంచిన ఇంటి పాట ఒకటి, తన జాతివారి పాట ఒకటి. ఈ రెండూ ఆ చిన్న గొంతులో ఇముడుతున్నాయి. ఒకటి నేర్చినందువల్ల రెండవది పోవడం లేదు.

5. గూడు మార్చి చూచిన పరీక్ష

పాట నిజంగా నేర్చుకొన్నదేనా, లేక కోకిల కూతవలె పుట్టుకతో వచ్చినదా? ఇది తేల్చడానికి పేన్, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. నీలిపిట్టలను నిప్పుపిట్టలచేత కాక, బెంగాలీ ఫించ్ అనే పెంపుడు పిట్టలచేత పెంచారు. బెంగాలీ ఫించ్ అంటే మన దేశంలో కూడా కనబడే తెల్లనడుము జీనువాయి జాతి నుండి మనుషులు పంజరాలలో సాకి తయారు చేసిన పిట్ట. నీలిపిట్టలకు దానితో ఏ సంబంధమూ లేదు.

ఈ పరీక్షల ఫలితాలు 1998లోను, 2000లోను ప్రచురింపబడ్డాయి. బెంగాలీ ఫించ్ గూటిలో పెరిగిన మగ నీలిపిట్టలు బెంగాలీ ఫించ్ పాటనే పాడాయి. అదే విధంగా పెరిగిన ఆడపిట్టలు ఆ పాట పాడే మగపిట్టలనే మెచ్చాయి. గ్రుడ్లు కూడా బెంగాలీ ఫించ్ గూళ్ళలోనే పెట్టాయి. కాబట్టి పాట రక్తంలో లేదు, చెవిలో ఉన్నదని తేలింది.

ఎప్పుడైనా ఒక నీలిపిట్ట పొరపాటున వేరొక జాతి గూటిలో గ్రుడ్డు పెడితే, ఆ పిల్లలు క్రొత్త పాట నేర్చుకొంటాయి. ఆ పాట పాడేవి, ఆ పాట మెచ్చేవి ఒకదానితో ఒకటి జతకడతాయి. ఇలా పాట మారడంవల్లనే నీలిపిట్టలలో క్రొత్త జాతులు పుట్టుకొని వచ్చాయని సోరెన్సన్, సెఫ్క్, పేన్ అనే శాస్త్రవేత్తలు 2003లో నేచర్ పత్రికలో వ్రాశారు.

6. పాట మరచిన పిట్ట

విని నేర్చుకొనే పిట్టలకు ఒక ప్రమాదం కూడా ఉన్నది. వినిపించేవారు లేకపోతే పాట రాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో విలియం థోర్ప్ అనే శాస్త్రవేత్త 1950వ దశకంలో చాఫించ్ అనే పిట్టపిల్లలను పెద్దవాటి పాట వినబడకుండా పెంచి చూచాడు. అవి పెరిగి పాడాయి గాని, ఆ పాట తమ జాతి పాటవలె లేదు. ముక్కలు ముక్కలుగా, వంకరటింకరగా ఉన్నది.

ఇది పరీక్షశాలలో జరిగిన విషయం. అడవిలోనే ఇటువంటిది జరుగుతున్నదని 2021లో ఆస్ట్రేలియా నుండి వార్త వచ్చింది. ఆ దేశంలో రీజెంట్ హనీఈటర్ అనే నలుపు, పసుపు రంగుల పిట్ట ఉన్నది. ఒకప్పుడు అవి గుంపులు గుంపులుగా తిరిగేవి. అడవులు నరకడంచేత కొన్ని వందలు మాత్రమే మిగిలాయి. అవి విశాలమైన ప్రదేశంలో చెదరిపోయి ఉండడంవల్ల, పడుచు మగపిట్టలకు తమ పెద్దలు పాడేది వినే అవకాశం తగ్గిపోయింది. అవి ఏమి చేశాయి? దగ్గరలో వినబడిన వేరే జాతుల పాటలు నేర్చుకొన్నాయి. తమ పాట మాత్రం రాలేదు. అటువంటి మగపిట్టలకు జోడు దొరకడం కూడా కష్టమైనదని శాస్త్రవేత్తలు గమనించారు. సిడ్నీ నగరంలోని తరోంగా జంతుప్రదర్శనశాలలో పెంచుతున్న ఈ జాతి పిల్లలకు ఇప్పుడు పెద్దపిట్టల పాటను వినిపించి నేర్పుతున్నారు.

నీలిపిట్టకూ, ఈ పిట్టకూ భేదం గమనించండి. నీలిపిట్ట పొరుగుపాట నేర్చుకొన్నది, తన పాటనూ నిలుపుకొన్నది. ఆస్ట్రేలియా పిట్ట పొరుగుపాట నేర్చుకొన్నది, తన పాటను పోగొట్టుకొన్నది. పొరుగుపాట నేర్చుకోవడం దోషం కాదు. తన పాట చెవిని పడకపోవడమే దాని కష్టానికి కారణం.

7. మనుషుల మాట

మనిషి ఈ విషయంలో కోకిలవంటివాడు కాడు. నీలిపిట్టవంటివాడు. తెలుగు ఇంట పుట్టిన బిడ్డకు తెలుగు పుట్టుకతో రాదు. తమిళ ఇంట పుట్టిన బిడ్డకు తమిళం పుట్టుకతో రాదు. ఎవరి మాట విని పెరిగితే వారి మాట వస్తుంది. రెండు మాటలు విని పెరిగితే రెండూ వస్తాయి.

పోలిక ఇంతవరకే. మనం ఎవరి గూటిలోనో దాగి పెరుగుతున్నవాళ్ళం కాము. తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాలలో తెలుగువారు, తమిళులు తరతరాలుగా ఒకే వీధిలో, ఒకే చెరువు నీటితో బ్రతికినవారు. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో, అనగా ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది. ఆనాడు అది అప్పటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పటంమీద గీత ఒక్కరోజులో మారింది. ఇండ్లలోని మాట మాత్రం ఆ రోజున మారలేదు. ఎందుకంటే మరునాడు కూడా తల్లులు బిడ్డలతో మాట్లాడిన మాట అదే.

అందువల్ల ఒక భాష ఒక ఊరిలో నిలవడానికి కావలసినది ఏమిటో ఈ పిట్టలు చెపుతున్నాయి. దానిని పలికే పెద్దలు ఉండాలి. వినే పిల్లలు ఉండాలి. విన్నదానిని తిరిగి పలకాలి. అవ్వ చెప్పే కథ, అమ్మ పెట్టే సామెత, అంగడివద్ద తాత ఆడే మాట ఇవన్నీ మన చెవిని పడాలి. బడిలో చదివే పాఠం ఆ మాటకు అక్షరం ఇస్తుంది. వీధిలో స్నేహితులతో తమిళం చక్కగా మాట్లాడండి. బడిలో ఆంగ్లం శ్రద్ధగా నేర్చుకోండి. ఇంటికి వచ్చిన తరువాత అవ్వతో తెలుగు మాట్లాడండి. ఒక గొంతులో ఇవన్నీ ఇముడుతాయి.

ఈసారి కోకిల కూసినప్పుడు విని ఆనందించండి. కాకిగూడు కనబడితే దూరంనుండే చూడండి. గూటిని కదపవద్దు, గ్రుడ్లను ముట్టవద్దు. కోకిల దొంగ అనీ, కాకి తెలివిలేనిది అనీ అనవద్దు. గూడు కట్టడం చేతకాని పక్షి ఒకటి, ఎవరి పిల్ల అని అడగక మేత పెట్టే పక్షి ఒకటి. రెండింటి బ్రతుకూ ఆ చెట్టుమీదనే ఉన్నది.

పదాలు, అర్థాలు

పరభృతము = కోకిల, పరులచేత పెంచబడినది
పరభృత్తు = కాకి, పరులను పెంచేది
శకుంతము = పక్షి
అంగిలి = నోటి లోపలి పైభాగం
పొదుగు = గ్రుడ్డుమీద కూర్చొని వెచ్చదనం ఇచ్చు
మాండలికం = ఒక ప్రాంతపు మాటతీరు
ఎత్తిపొడుచు = దెప్పు, మనసు నొచ్చేటట్లు అను

ప్రశ్నలు

అ. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. కుహూ అని కూసేది ఏ పక్షి? ఆడకోకిల ఎలా ఉంటుంది?
2. కోకిలపిల్ల కాకిపిల్లలకన్న ముందుగా ఎందుకు పుడుతుంది?
3. శకుంతలకు ఆ పేరు ఎలా వచ్చింది?
4. నీలిపిట్ట పిల్లను నిప్పుపిట్ట తన పిల్లగా భావించడానికి కారణమేమి?

ఆ. పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. కోకిల కూతకు, నీలిపిట్ట పాటకు గల భేదాన్ని వివరించండి.
2. బెంగాలీ ఫించ్ పిట్టలతో చేసిన పరీక్షవల్ల ఏమి తెలిసింది?
3. ఆస్ట్రేలియా పిట్ట తన పాటను ఎందుకు మరచింది? దానినుండి మనం తెలిసికోవలసినది ఏమి?

భాషాంశాలు

1. విగ్రహవాక్యాలను గమనించండి.
పరభృతము: పరులచేత భృతము (తృతీయా తత్పురుష సమాసం)
కాకిగూడు: కాకి యొక్క గూడు (షష్ఠీ తత్పురుష సమాసం)
ఇదే విధంగా 'పిట్టపాట', 'కోకిలపిల్ల' అనే పదాలకు విగ్రహవాక్యాలు వ్రాయండి.

2. కోకిల, కాకి, పిచ్చుక అనే పక్షులకు తమిళంలో ఉన్న పేర్లను అడిగి తెలిసికొని, తెలుగు పేర్ల ప్రక్కన వ్రాయండి.

చేయవలసిన పని

మీ ఇంటిలో అందరికన్న పెద్దవారి నోట, మీరు ఇంతవరకు వినని తెలుగు మాటలను అయిదింటిని అడిగి తెలిసికోండి. వాటి అర్థాలతో మీ నోటుపుస్తకంలో వ్రాసి, తరగతిలో చదివి వినిపించండి.